అప్ప చూసిన తీరం

అప్ప పోయిందని దొరగారి కారు డ్రైవరు చెప్పాడు. రంగూన్‌లో, పజుండౌంగ్ బజారులో వంకాయలు ఏరుకుంటున్నాను. వెనకనుంచి "అమ్మా" అని పిలిచి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మేమ్యో కొండ మీద, దొరగారి వేసవి బంగళాలో, జ్వరం వచ్చి పోయిందట. జరగవలసినవన్నీ అక్కడే జరిపించేశారట.

"చివర్లో ఏమైనా అందా?" అని అడిగాను.

"మంచం తిప్పమంది," అన్నాడు.

"ఎటు?"

"కిటికీ వైపు. తిప్పాం. కాసేపు చూసింది. తర్వాత రెండోవైపు తిప్పమంది. అటు ఉన్నది గోడేనమ్మా. గోడ మీద కాస్త ఎండ. దాన్నీ అంతసేపూ చూసింది."

జ్వరం తలకెక్కి అలా చేసిందని అతని ఉద్దేశం. నాకలా అనిపించలేదు. సముద్రాలు దాటి అంతంత దూరాలు తిరిగి, చివరికి కొండ మీద పోయిన ఆ మనిషిని ఆ ఒక్క మాటతో నా కళ్లముందు నిలబెట్టేశాడు. ఆమె అత్తగారు అప్పటికే లేదు. చెప్పుకుని ఏడవడానికి ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు గనుక, ఇక్కడ చెప్పుకుంటున్నాను.

అప్ప నాకు తోడబుట్టింది కాదు. మా ఆయనకి బియ్యం మిల్లులో గుమస్తా పని దొరికి, విజయనగరం నుంచి నేను కొత్తకాపురానికి రంగూన్ వచ్చినప్పుడు, పజుండౌంగ్ వాగు పక్కన ఒక చెక్క ఇంటి మేడమీద గదిలో దిగాం. కింద గదిలో అప్పా, ఆమె అత్తగారూ ఉండేవారు. అప్ప ఒక కలప వ్యాపారం దొరగారింట్లో ఆయా. వీధిలో అందరూ ఆయమ్మ అనేవారు. నేను మాత్రం మొదటి రోజే "అప్పా" అన్నాను. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. ఆ పిలుపు విని ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసి, "మన పక్క గుంటవే! ఏ ఊరు సెల్లీ?" అంది. ఆమెది భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె.

ఆమె చూసే తీరే వేరు. పని నుంచి వచ్చి తిన్నగా ఇంట్లోకి వెళ్లేది కాదు. వీధికి అవతల మొహింగా, అంటే చేపల పులుసులో సేమ్యా, అమ్మే ఆవిడ బల్ల దగ్గర ఆగి, అక్కణ్నుంచి మా ఇంటిని కొత్త ఇంటిని చూసినట్టు చూసేది. "ఏమిటప్పా, గోడేమైనా పడిపోయిందా?" అని నేను పైనుంచి అరిస్తే, "ఆగు సెల్లీ, ఇంకా సూణ్ణేదు," అనేది. పబేడాన్ కొట్లకి గుడ్డలు కొనడానికి వెళితే ముందు గుడ్డ వెనకవైపు తిప్పి చూసేది. కొట్టువాళ్లు విసుక్కునేవారు. తెలియని ఆకు కనబడితే తుంచి, నలిపి, వాసన చూసి, నా ముక్కు దగ్గరా పెట్టేది. దేన్నీ అందంగా ఉందనేది కాదు. "సూడబుద్దేసినాది," అనేది. అంతకుమించిన మెప్పు ఆమె నోట నేను వినలేదు.

ఇంతగా చూసే మనిషికి, చూడవలసిన మనిషి కనబడకుండా పోయాడు. ఆమె భర్త పొగ ఓడలో బొగ్గు వేసే పనివాడు. ఒకసారి ఓడ తిరిగి వచ్చింది, అతను రాలేదు. మధ్యధరా సముద్రం మీద మార్సెయిల్స్ అనే రేవులో దిగి మళ్లీ ఎక్కలేదని ఓడలో పనివాళ్ల పెద్ద సారంగు చెప్పాడు. అక్కణ్నుంచి తీరం వెంబడి ద్రాక్షసారా పీపాలూ నారింజలూ మోసే చిన్న తెరచాప పడవల్లో పని చేస్తున్నాడని తరవాత ఎవరో అన్నారు. చచ్చిపోయాడని మాత్రం ఎవరూ అనలేదు. అందువల్ల అప్ప మెట్టెలు తియ్యలేదు, బొట్టు మానలేదు, ఎవరైనా మారుమనువు మాట ఎత్తితే నవ్వి ఊరుకునేది.

అత్తగారు నవ్వేది కాదు. ఆవిడ పొద్దస్తమానం గుమ్మం మెట్ల మీద కూర్చుని అడ్డపొగ పీల్చేది. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని పొగ పీల్చడం అక్కడి బర్మా పిల్లలకి పెద్ద వింత. ఆ పిల్లలు చుట్టూ చేరితే, చుట్ట తీసి, "మా ఆడు ఓడ మీద వత్తాడు, సూడండి," అనేది. వాళ్లకి ఆ మాట తెలిసేది కాదు. ఆవిడకి వాళ్ల మాట తెలిసేది కాదు.

నేను వచ్చిన ఏడాదే దొరగారు పిల్లలిద్దర్నీ తమ దేశంలో బడిలో వెయ్యడానికి ప్రయాణమయ్యారు. దారిలో ఒక చలికాలమంతా మధ్యధరా తీరాన ఇల్లు తీసుకుని ఉంటారట. దొరసానికి చలి పడదు, పైగా ఆవిడ బొమ్మలు వేస్తుంది. ఆయా కూడా రావాలన్నారు. ఆ సంగతి చెప్పినప్పుడు ముసలమ్మ నోట్లో చుట్ట తియ్యడం మరిచిపోయింది.

"మార్సీలు కాడేనా?" అంది.

"దాని పక్క తీరమేనంట అత్తా. రేవులన్నీ తిరుగుతారంట."

"అయితే ఎల్లు. మొహం సూడకు. మొహం మారిపోద్ది. సేతులు సూడు. ఆడి కుడి మోసేతి కాడ కొలిమి కాలిన మచ్చుంటాది. అది మారదు."

అలా అప్ప వెళ్లింది. ముసలమ్మకి అన్నం నేను పెట్టేదాన్ని. పళ్లెం ముందు పెట్టుకుని, "ఈ ఏలకి ఏ రేవులో ఉన్నాదో," అనేది. కొడుకు పేరు ఎత్తేది కాదు. కోడల్నే తలుచుకునేది, కోడలి కళ్లతో కొడుకుని వెతుకుతున్నట్టు.

అప్ప తిరిగి వచ్చిన రోజు సేక్కాన్ రేవుకి ముసలమ్మతో నేనూ వెళ్లాను. ఓడ దిగి, ముసలమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ముసలమ్మ ఒక్క నిమిషం నిలబడి, "బక్క సిక్కావు. కూడెట్టలేదేటి ఆళ్లు?" అంది. అంతే. 

పిల్లలు అక్కడ బడిలో ఉండిపోయారు గనుక అప్పకి ఇక సాయంత్రాలు ఖాళీ. వీధంతా మా మెట్ల దగ్గర చేరేది. అప్ప చెప్పడం మొదలుపెట్టేది.

ఆ చెప్పడం ఒక చోద్యం. దొరకి కారంటే పిచ్చి. దొరసానికి తెరచాప పడవంటే పిచ్చి. ఇద్దరూ మొండివాళ్లే. ఆ తీరంలో కొండలు తిన్నగా సముద్రంలోకి దిగుతాయట. కొండ నడుముని తొలిచి వేసిన రోడ్డు మీద కారులో పోవచ్చు, కింద నీళ్ల మీద పడవలో పోవచ్చు. ఏది బాగుంటుందన్న తగువు తెగక, ప్రతి చోటికీ రెండుసార్లు వెళ్లేవారట: ఒకసారి ఆవిడ మాట మీద పడవలో, ఒకసారి ఆయన మాట మీద కారులో. అందుకని అప్ప కూడా ప్రతి చోటునీ రెండుసార్లు చెప్పేది. పడవలోంచి చెప్పేటప్పుడు నేల మీద చతికిలబడి మెడ పైకెత్తేది. "ఇక్కణ్నుంచి సూత్తే కొండ మీద పడిపోయీలాగుంటాది. ఇళ్లు కొండకి అంటించినట్టుంటాయి. గుడ్డలారేసిన తాళ్లు కనపడతాయి." తర్వాత లేచి, మెట్లెక్కి, పై మెట్టు మీద కూర్చుని కిందికి వంగేది. "ఇప్పుడు కారులోంచి. అయ్యే ఇళ్లు. గాని ఎర్ర పెంకులే కనపడతాయి. మనుషులు నేరు. సముద్రం మాత్రం గోడలాగ లేచి నిలబడతాది."

పడవలో ఆమెకి ఏమీ కాలేదట. కారులోనే కడుపు తిప్పేదట. మలుపు మలుపుకీ దొర హారను మోగించేవాడు, అవతల ఏమొస్తుందో తెలియదు గనుక. పిల్లలు వాంతులు చేసుకుంటుంటే ఒక చేత్తో గిన్నె పట్టుకుని రెండో పక్కకి చూసేదట. "ఒక పక్క వాంతి, ఒక పక్క సముద్రం. నానేటి సేసీది? అటే సూసినాను," అంది. వీధంతా పగలబడి నవ్వింది.

ఒక్క సంగతి మాత్రం ఎవరూ నమ్మలేదు. ఆ సముద్రానికి పోటూ పాటూ లేవంది అప్ప. రంగూన్‌లో ఉన్నవాళ్లకి అది మింగుడుపడే మాట కాదు. ఇక్కడ నది పోటెక్కితే సంపాను పడవలు ఒక తీరు, పాటు తీస్తే ఇంకో తీరు. వాగులో వడ్ల పడవలు పోటు కోసమే కాచుకు కూర్చుంటాయి. సేక్కాన్ రేవులో మూటలు మోయించే మేస్త్రీ ఒకాయన మా వీధిలోనే ఉండేవాడు. ఆయన లేచి నిలబడి, "పోటు రాని సముద్రమేటి? అది సెరువు," అన్నాడు.

"నాకేటి తెలుసు మేస్త్రీ," అంది అప్ప. "సాయంత్రం నీళ్లంచున రాతి మీద సెప్పులిడిసి మర్సిపోనాను. పొద్దున్నెల్తే అక్కడే ఉన్నాయి."

మేస్త్రీ వెళ్లిపోయాడు. మర్నాడు పనికి పోతూ మెట్ల దగ్గర ఆగి, "తడిసినాయా?" అని అడిగాడు.

"ఏటి?"

"ఆ సెప్పులు."

"నేదు."

ఆయన తల విదిలించుకుంటూ పోయాడు. ఆ తరవాత కూడా చాలా రోజులు ఆ చెప్పులు ఆయన్ని వదల్లేదని ఆయన భార్య చెప్పింది.

వీధి వాళ్లు వెళ్లిపోయాక ముసలమ్మ వంతు వచ్చేది. ఆవిడకి కొండలూ మలుపులూ అక్కర్లేదు. "ఆ రేవులో మనుషులెలాగున్నారు?" అనేది. "సేతులు సూసావా?" అనేది. అప్ప రేవు తరవాత రేవు చెప్పేది. ఒక రేవులో వల బాగుచేసుకునేవాళ్లందర్నీ చూసింది. ఇంకో రేవులో పీపాలు దొర్లించేవాళ్ల చొక్కా చేతులు మడిచి ఉన్నాయి గనుక చూడ్డం సులువైంది. మరో రేవులో ఒక నల్లటి మనిషి కుడి మోచేతి మీద మచ్చ కనబడి, పేరు పెట్టి పిలిచేసింది. అతను వెనక్కి తిరిగాడు. ఏ అరబ్బు దేశం వాడో. ఏమనుకున్నాడో గాని, నవ్వి, బుట్టలోంచి నారింజపండు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"తిన్నావా?" అని అడిగేది ముసలమ్మ. ఎన్నిసార్లు విన్నా ఇక్కడ అడిగేది.

"తిన్నానత్తా."

"తియ్యగున్నాదా?"

"ఉన్నాది."

"పోన్లే," అనేది ముసలమ్మ, ఆ మనిషి తన కొడుకు తరఫున ఇచ్చినట్టు.

కథ ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది. మర్నాడు మళ్లీ మొదటి రేవు నుంచి ఎత్తుకునేది. నాకు ఇది అంతుపట్టలేదు. చలికాలమంతా ఉన్నారు, దొరా దొరసానీ పంతం కొద్దీ తిరిగారు, తీరం ఇటలీ దాకా ఉందంటారు. నారింజపండు తర్వాత ఏమైంది? కొన్నాళ్లు ఆపుకున్నాను గాని, అడక్కుండా ఉండడం నా వల్ల కాలేదు.

ఒక ఆదివారం పొద్దున్న, "సెల్లీ, రంగాన్ని ఎప్పుడైనా సూసావా?" అంది అప్ప. రంగూన్‌ని మా పక్క రంగం అంటారు.

"ఏడాది పైగా ఇక్కడే ఉన్నాను కదప్పా."

"అది ఉండడం. సూడ్డం కాదు. పద."

వాగు ఒడ్డున కో తేన్ సంపాను ఉంది. కో తేన్ తల్లి మన పిల్ల, తండ్రి బర్మావాడు. మాట సగం ఇది, సగం అది; అప్పని బర్మావాళ్లు అక్కని పిలిచినట్టు 'మ' అనేవాడు. సంపాను వెనక నిలబడి తెడ్లు రెండూ అడ్డంగా పట్టి వేస్తాడు. వాగు నోరు దాటి నదిలోకి వచ్చాక ఒడ్డు పట్టుకుని పోతున్నాడు.

"కో తేన్, నడిమికి పట్టు," అంది అప్ప.

"నడిమిన ఏటుంది మ? నీళ్లే కదా."

"నడిమికెల్తే ఒడ్డుంటాది."

అతను నన్ను చూసి, నేను కూడా పిచ్చిదాన్నేనా అని ఒక చూపు చూసి, తెడ్డు తిప్పాడు.

నిజంగానే నేను రంగూన్‌ని అంతవరకూ చూడలేదు. మిల్లు పొగ గొట్టాలు వరసగా లేచి, పొగంతా ఒకే వైపు వాలి ఉంది. సేక్కాన్ జెట్టీల మీద మనుషులు చీమల్లా మూటలతో ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. మా వాగు, ఏడాదిగా నేను బట్టలుతికిన వాగు, రెండు చెక్క గోడల మధ్య ఒక సందులా ఉంది, అంతే. మా ఇల్లు వెతికాను. దొరకలేదు. అన్నిటికన్నా వెనక, ఊరంతటి మీదా, బుద్ధుడి గుడి బంగారు గోపురం. రోజూ కింద నుంచి చూసి ఇక చూడడం మానేసినది, ఇప్పుడు ఊరే దాని పాదాల దగ్గర కూర్చున్నట్టు ఉంది. నోరు తెరుచుకుని ఉండిపోయాను. అప్ప నా మొహం చూసి తృప్తిగా నవ్వింది.

అప్పుడు అడిగాను. "అప్పా, నారింజపండు రేవు తర్వాత ఏమైంది?"

అప్ప చెయ్యి నీళ్లలో పెట్టింది.

"ఆ తర్వాత ఎర్రకొండలు," అంది. "మన భీమిలి కాడ ఎర్రమట్టి దిబ్బలుంటాయి కదా, ఆ రంగు. గాని మట్టి కాదు, రాయి. రాయి మీద సరుగుడు లాటి సెట్లు, నీళ్ల దాకా దిగిపోయి ఉన్నాయి. ముందు పడవలో ఎల్నాం. కొండ మూల తిరిగేసరికి గాలి పడిపోనాది. తెరసాప జారిపోనాది. నాను కిందికి సూసినాను. అడుగు కనపడతన్నాది సెల్లీ."

"అడుగంటే?"

"సముద్రం అడుగు. పుట్టి బుద్దెరిగిన కాణ్ణించి సముద్రం కాడే పెరిగినాను. మా నాన సముద్రం మీదే బతికినాడు. ఆ అడుగెలాగుంటాదో ఆడికీ తెల్దు. మన సముద్రం సూపించదు కదా. అక్కడ ఇసక కనపడతన్నాది, రాళ్లు కనపడతన్నాయి. లంగరేసినారు. తాడు ఎంబట సూపు దిగిపోనాది, లంగరు ఇసక మీద పక్కకి పడుకున్నాది, అది కూడా కనపడతన్నాది. ఇసక మీద మా పడవ నీడ. నీడలో తల ఒకటి. సెయ్యెత్తినాను. నాదే."

ఆమె నీళ్లలోంచి చెయ్యి తీసి నాకు చూపించింది, ఆ చెయ్యే సాక్ష్యమన్నట్టు.

"ఎంతసేపు సూసానో తెల్దు. ఒడ్డు మీద పల్లె ఉన్నాదట. వల ముందేసుకుని మనుషులు కూకున్నారట. కేకేసి పలకరించినారట కూడా. పిల్లలు తర్వాత సెప్పినారు. నాను తలెత్తనేదు. పడవ తిరిగి కొండ మూల దాటిపోయాక గుర్తొచ్చినాది. ఆళ్ల సేతులు సూణ్ణేదు."

కో తేన్ తెడ్లు వెయ్యడం ఆపేశాడు. సంపాను తనంతట తానే మెల్లగా తిరుగుతోంది.

"మర్సిపోతాం అప్పా. అదేమంత..." అన్నాను.

"ఆగు. అయిపోనేదు. రెండోసారి కారులో ఎల్నాం కదా. అదే సోటు, పైనుంచి. దొరసాని బొమ్మేసుకుంటానని దిగినాది. పిల్లలు నిద్దరోనారు. పల్లెలోకి కాలిబాట ఉన్నాది. ఎల్లొత్తానని సెప్పి దిగినాను. ముగ్గురున్నారు వల కాడ. ఒకడు అటు తిరిగి ఉన్నాడు. నల్లగా. సొక్కా సెయ్యి మడిసి. ఈపు అచ్చం ఆడి ఈపే. దేవుడా, అన్నాను. దేవుడా, ఈడు ఆడు కాకుండా సూడు."

నేను సరిగ్గా విన్నానో లేదో తెలియలేదు. "కాకుండానా?"

"కాకుండా. నా నోటమ్మట అదే వచ్చినాది. నానే ఇన్నాను. ఆడు కనపడితే పిలవాల. పిలిత్తే ఏడవాల. ఏడిసి, కొట్టి, తిట్టి, ఇంటికి రమ్మని బతిమాలుకోవాల. మరి ఆ నీళ్లు ఎవులు సూత్తారు సెల్లీ?"

"అతనేనా?"

"ఎవుడో ముసలోడు. ఇటు తిరిగి, కూకోమని రాయి సూపించినాడు. కూకున్నాను. నవ్వొచ్చినాది. ఏడుపూ వచ్చినాది గాని నవ్వే ఎక్కువ. ఆ రోజు కాణ్ణించి నాను ఆణ్ణి ఎతకనేదు. తీరమంతా తిరిగినాను. నిమ్మతోటలూరు ఒకటున్నాది, కొండంతా నిమ్మ వాసన. ఇటలీ దాకా ఎల్నాం. ఒట్టినే సూసినాను. అత్తకి మాత్రం నారింజపండు కాడ ఆపేత్తన్నాను."

ఒడ్డున దిగాక కో తేన్, "మ, అక్కడ నీళ్లు తియ్యగా ఉంటాయా, ఉప్పేనా?" అని అడిగాడు. "ఉప్పే," అంది అప్ప. అతనికి ఎందుకో అది సంతోషం కలిగించింది.

వానలు వెలిశాక దొరసాని పిల్లల్ని చూడ్డానికి మళ్లీ బయల్దేరుతుందని, చలికాలం ఆ తీరంలోనే ఉంటుందని, అప్పని కూడా రమ్మందని తెలిసింది. ఆ కబురు ముసలమ్మకి నేనే అందించాను, పొరపాటున. ఎండకి మెట్ల మీద కూర్చుని ఇద్దరం చిక్కుళ్లు ఒలుస్తున్నాం. అప్ప లోపల తల దువ్వుకుంటోంది.

ముసలమ్మ మొహం వెలిగిపోయింది. "ఓలమ్మీ!" అని లోపలికి కేకేసింది. "మళ్లీ ఎల్తన్నావంట. మంచి పనైనాది. పోయినసారి నారింజకాయల రేవు దాకానే కదా సూసావు? ఈసారి ఆవలి రేవులు సూడు. ఆడు ఆవలే ఉంటాడు. నా మనసుకి అలాగే తోసినాది."

అప్ప దువ్వెన జుట్టులోనే ఉంచుకుని గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసింది. నేను చిక్కుళ్లలోకి తల వంచుకున్నాను. అప్ప అవునని తల ఊపితే సరిపోయేది. ముసలమ్మ ఇంకో ఏడాది ఆశగా బతికేది, అప్ప ఇంకో ఏడాది రేవు రేవునా మోచేతులు లెక్కపెట్టుకుని వచ్చేది. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

అప్ప మెట్టు మీద కూర్చుంది.

"ఆవలి రేవులు కూడా ఎల్నానత్తా," అంది.

"ఎల్నావా? మరి సెప్పలేదే? సేతులు సూసావా?"

"నేదు."

"ఏటి నేదు?"

"సూణ్ణేదు. ఎతకనేదు. ఎర్రకొండల కాణ్ణించి నాను నీ కొడుకుని ఎతకడం మానేసినాను. ఎల్లి ఉండొచ్చు ఆడి పక్క నుంచే. నాకు తెల్దు."

ముసలమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. నిప్పు ఆరిపోయేదాకా దాన్ని మెట్టుకేసి రాసింది. నేను చేతిలో చిక్కుడుకాయ ఒలవలేదు, కింద పడెయ్యలేదు. ఆవిడ అరుస్తుందనుకున్నాను. జుట్టు పట్టుకుంటుందేమోనని కూడా అనుకున్నాను. కొడుకు విషయంలో ఆవిడ కోపం నాకు తెలుసు.

"ఎతక్కుండా ఏటి సేసావు మరి?" అంది చివరికి. గొంతు చాలా చిన్నగా ఉంది.

"సూసినాను."

"ఏటి?"

"నీళ్లు."

"నీళ్లేటే? నీళ్లు ఇక్కడ నేవా?"

"ఇక్కడున్నాయి. అడుగు కనపడదు."

ముసలమ్మకి అర్థం కాలేదు. అప్ప మెట్ల మీదనుంచి దిగి, నేల మీద చతికిలబడి, పడవలోంచి చెప్పడం మొదలుపెట్టింది. నాకు చెప్పినట్టే చెప్పింది. గాలి పడిపోవడం. తెరచాప జారడం. తాడు వెంట చూపు దిగిపోవడం. ఇసక మీద పడుకున్న లంగరు. పడవ నీడ. చెయ్యెత్తితే కింద ఎత్తిన చెయ్యి. ముసలమ్మ మధ్యలో ఒక్కసారి కూడా మనుషులెలాగున్నారని అడగలేదు. లంగరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముందుకి వంగి, మా మెట్ల కిందకి, ఆ బురద నేల మీదకి, అది అక్కడ కనబడుతుందేమోనన్నట్టు చూసింది.

అప్ప ఆగింది. కాలిబాట సంగతి, దేవుడికి చెప్పుకున్న మాట చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదని నాకూ అనిపించింది.

"సేపలు కనపడినాయా?" అంది ముసలమ్మ.

"కనపడినాయి. ఆటి నీడలు కూడా."

"సేపలకి నీడలా!" ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. బియ్యం మిల్లు ఊళ వేసింది. వీధిలోంచి ఎవరో పలకరించి పోయారు.

"ఆడు కూడా అదే సూసుంటాడు," అంది ముసలమ్మ. "బొగ్గు గదిలోంచి పైకొచ్చి, గాలి కోసం ఒడ్డున నిలబడి, కిందికి సూసుంటాడు. నా కొడుకే కదా, సిన్నప్పుడూ అంతే, దేన్నైనా సూత్తే కూడు మర్సిపోయీవోడు. సూసి, ఉండిపోయుంటాడు."

అప్ప జుట్టులోంచి దువ్వెన తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అలాగైతే ఫరవాలేదు," అంది ముసలమ్మ. ఆరిపోయిన చుట్ట పక్కన పెట్టి, కాళ్లు చాపుకుని, గోడకి ఆనుకుంది. "ఆ నిమ్మతోటలూరు అన్నావే మొన్న నిద్దట్లో. అది ఎక్కడున్నాది? ఆ ఎర్రకొండలు దాటాకా? సెప్పు మరి. ముందు పడవలోంచి సెప్పు."

అప్ప చెప్పింది. పైన నా పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వస్తూనే ఉంది. నేను లేవలేదు.